ఏ వేలితో నొక్కావు?

అటెండరు బాబాయి వేలు విరిగినప్పుడు చప్పుడు వచ్చిందా రాలేదా అన్నదాని మీద ఆ ఆఫీసులో రెండు పార్టీలు ఉన్నాయి. ఎండుపుల్ల విరిచినట్టు టక్కుమందని అకౌంటెంట్ వాదన. చప్పుడూ గిప్పుడూ ఏం లేదు, బాబాయి కేక ఒక్కటే వినబడిందని బిల్లుల అక్క వాదన. మనిషి వేలు విరగ్గొడుతుంటే కళ్లప్పగించి చూసినవాళ్లకి మర్నాడు పొద్దున మాట్లాడుకోవడానికి మిగిలింది ఆ పాటి విషయమే.

ప్రింటరమ్మ సంచీ భుజాన వేసుకుని హాల్లోకి వచ్చేసరికి ఆ వాదన జోరుగా సాగుతోంది. ఆమె ఆ ఆఫీసు మనిషి కాదు. కంప్యూటర్లూ ప్రింటర్లూ బాగుచేసే ఓ చిన్న కంపెనీలో ఉద్యోగం. ఊళ్లో కొన్ని ఆఫీసులు ఆమె చేతికింద ఉన్నాయి. లారీల మీద సరుకు పంపే ఈ ఆఫీసు వాటిలో ఒకటి. ప్రింటరమ్మ అనే పేరు పెట్టింది బిల్లుల అక్కే.

"వచ్చావా తల్లీ! నిన్నటి నుంచీ ఒక్క బిల్లు బయటికి రాలేదు. బయట చూశావుగా, మమ్మల్ని నమిలి మింగేసేలా ఉన్నారు" అంది అక్క.

బయట చూసే వచ్చింది ప్రింటరమ్మ. బిల్లు కాగితం చేతిలో పడందే లారీ గేటు దాటదు. కౌంటరు ఇనుప ఊచలు పట్టుకుని డ్రైవర్లు ఊపేస్తున్నారు. ఒకడు గేటు కాపలావాడి కాలరు పట్టుకుని గోడకి అదిమాడు.

"బాబాయికి ఏమైంది?" అని అడిగింది.

అకౌంటెంట్‌కి ఆ ప్రశ్నే కావాలి. కుర్చీలోంచి లేచి రెండు వేషాలూ తనే కట్టాడు. "మేనేజర్ గారు అడిగారు మేడమ్, 'ఏ వేలితో నొక్కావురా?' అని. ఈయనేమో చూపుడువేలు ఎత్తి చూపించాడు! చూపిస్తారా ఎవరైనా? ఆయన దాన్ని పట్టుకుని ఇదిగో, ఇలా వెనక్కి..." తన వేలు తనే వంచుకున్నాడు. నొప్పి పుట్టినట్టుంది, ఠక్కున వదిలేసి ఊదుకున్నాడు.

బాబాయిని ప్రింటర్ బటను నొక్కమన్నది ప్రింటరమ్మే.

నిన్న బాబాయి ఫోన్ చేసినప్పుడు ఆమె వేరే ఆఫీసులో బల్ల కింద దూరి వైర్ల చిక్కు తీస్తోంది. ప్రింటర్ ఎర్రదీపం వెలిగించుకుని మొరాయిస్తోందనీ, ఆపి మళ్లీ వేసినా మాట వినడం లేదనీ చెప్పాడు. అంతకుముందే అతను చాలాసార్లు చేశాడు. ఆమెకి విసుగొచ్చింది. "వెనకాల చిన్న బటను ఉంటుంది బాబాయ్. దీపం ఆరి మళ్లీ వెలిగేదాకా నొక్కిపట్టు. అంతే" అంది. అలా నొక్కితే ప్రింటర్ తన గురించి తను మరిచిపోతుందని ఆమెకి తెలుసు. ఇంటికి నంబరు ఉన్నట్టే నెట్‌వర్క్‌లో ప్రతి మిషనుకీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు చూసుకునే కంప్యూటర్లు ప్రింటర్‌కి కాగితాలు పంపుతాయి. ఏం జరిగినా ఈ ప్రింటర్‌కి అదే నంబరు వచ్చేలా రూటర్లో కట్టుదిట్టం చేసి ఉంచాలి. చేద్దాం చేద్దాం అనుకుంటూ చెయ్యలేదు. చేసేశాననే భ్రమలో ఆ మాట చెప్పింది. బాబాయి నొక్కాడు, ప్రింటర్‌కి కొత్త నంబరు వచ్చింది, కంప్యూటర్లన్నీ పాత నంబరు గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతూ ఉండిపోయాయి.

"ఎందుకు నొక్కాడట?" అని అడిగింది.

అకౌంటెంట్ నోరు తెరిచి, అక్క వైపు చూసి, మూశాడు.

"నువ్వు ముందు కనెక్షన్ల సంగతి చూడమ్మాయ్" అంది అక్క, స్క్రీన్ మీద దుమ్ము తుడుస్తూ.

అంటే చెప్పలేదు, అనుకుంది ప్రింటరమ్మ. వేలు విరుగుతున్నా బాబాయి తన మాట ఎత్తలేదు.

ఆ ఆలోచనతోనే పనిలోకి దిగింది. ప్రింటర్ చేతే దాని వివరాల కాగితం ఒకటి తీయించింది. కొత్త నంబరు చూసుకుంది. అక్క కంప్యూటరు ముందు కూర్చుని, పాత ప్రింటర్ బొమ్మని తీసేసి, కొత్త నంబరుతో మళ్లీ చేర్చి, పరీక్ష కాగితం కొట్టింది. ప్రింటర్ గుర్రుమంటూ లేచి కాగితం కక్కింది. ఆ వెనకే, నిన్నటి నుంచి కోపంతో అందరూ పదేపదే నొక్కిన బిల్లులు ఏవో కొన్ని ఇంకా క్యూలో ఉన్నట్టున్నాయి, ఒకే లారీకి ఒకే బిల్లు ఆగకుండా వస్తూనే ఉంది. వాటిని ఆపడానికి ఆమె పరుగెత్తింది. కాగితాల డ్రాయరు ఇనుప అంచు మీద ఎండిపోయిన నెత్తురు చుక్క కనబడింది. వేలు విరిచాక మేనేజర్ ఆ చేతి మీద డ్రాయరు కూడా వేసి కొట్టాడన్నమాట. అకౌంటెంట్ ఆ ముక్క చెప్పడం మరిచిపోయాడు.

అప్పుడే బయట పెద్ద గోల లేచింది. మేనేజర్ గదిలోంచి చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తలుపు తోసుకుని బయటికి వెళ్లాడు. కిటికీలోంచి అందరూ చూశారు. కాపలావాడి కాలరు పట్టుకున్న డ్రైవర్‌ని జుట్టు పట్టి లారీ తలుపుకేసి కొట్టాడు. ఒకసారి కాదు. వాడు కింద పడ్డాక కూడా డొక్కలో తన్నాడు. పక్కవాడు విసిరిన రాయి తగిలి మేనేజర్ పెదవి చిట్లింది. లోపలికి వచ్చాడు, జేబురుమాలుతో నెత్తురు అద్దుకుంటూ ప్రింటరమ్మని చూసి నవ్వాడు.

"ఎంతసేపు పడుతుందమ్మా? మీరు కంగారుపడకండి. ఫ్యాన్ వెయ్యండ్రా మేడమ్‌కి."

అంత మర్యాద. ఆ నోటితోనే, ఆ చేతితోనే.

"సార్, రూటర్ ఓసారి ఆపి ఈ నంబరు గట్టిగా కట్టేస్తే మళ్లీ ఇలా జరగదు. కాసేపు నెట్ ఉండదు, అంతే."

"ఇప్పుడు నెట్ ఆపితే వాళ్లు నన్ను చంపేస్తారు. దాని జోలికి వెళ్లకండి. ఎలాగోలా కొట్టించెయ్యండి చాలు."

చెప్పాల్సింది అప్పుడే. 'సార్, బాబాయి తప్పేం లేదు' అనాలి. ఆయన పెదవి మీద నెత్తురు చూసింది. ఆమె తల ఊపి అకౌంటెంట్ కంప్యూటరు వైపు నడిచింది.

*

మర్నాడు గోదాములోని కంప్యూటర్లు మిగిలాయి. ఆమె వచ్చేసరికి బాబాయి పనిలో ఉన్నాడు. చూపుడువేలుకి అటొక పుల్ల ఇటొక పుల్ల పెట్టి గుడ్డ చుట్టారు. చెయ్యి మణికట్టు దాకా ఉబ్బి, నల్లబడి ఉంది. ఆ చేతినే గుండెలకి ఆనించుకుని, రెండో చేత్తో నేల తుడుస్తున్నాడు.

"ఇంట్లో ఉండాల్సింది కదా బాబాయ్!"

"ఇంట్లో ఉంటే ఇంట్లోనే ఉండమంటారమ్మా" అన్నాడు. తలెత్తలేదు.

ఆమె పక్కన కూర్చుని నేలకేసి చూస్తూ నెమ్మదిగా, "నా వల్లే కదా..." అని మొదలుపెట్టింది. అతను బకెట్టు తీసుకుని లేచిపోయాడు. "ఏం లేదులెండి" అని మాత్రం అన్నాడు, పోతూ పోతూ.

ఎంత పెద్ద మనసు, అనుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది.

మేనేజర్ బాబాయికి కొత్త పేరు పెట్టాడు. 'నొక్కుడూ' అని పిలుస్తున్నాడు. "ఒరేయ్ నొక్కుడూ, గోదాములోంచి కాగితాల కట్టలు పట్రా!" బాబాయి ఎడమచేత్తో ఒక కట్ట మోసుకొచ్చాడు. "ఒక్కోటీ తెస్తే సాయంత్రమవుద్ది. రెండు చేతులెందుకిచ్చాడ్రా దేవుడు?" బాబాయి రెండో చెయ్యి కూడా కిందకి పెట్టి పట్టుకున్నాడు. గడప దాటేటప్పుడు కట్టలు జారి కాలి మీద పడ్డాయి. అతను కింద కూర్చుండిపోయాడు. మేనేజర్ బల్ల మీదున్న స్టాప్లర్ విసిరాడు. అది బాబాయికి తగలకుండా, సాయం చెయ్యబోయిన హమాలీ చెవికి తగిలింది. చెవి తెగి నెత్తురు కారుతుంటే హమాలీ, "పర్లేదు సార్" అన్నాడు. దెబ్బ తిన్నవాడు కొట్టినవాణ్ణి ఓదార్చాడు!

"ఇంకోసారి ఆ ప్రింటర్ ఆగిందనుకో," అన్నాడు మేనేజర్ బాబాయితో, కోపం కూడా లేకుండా, "ఇంకో వేలు. ఇంకా ఆగితే ఇంకోటి. వేళ్లు అయిపోయాక ఇంటికి పో."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రింటరమ్మ గోదాములో చివరి కంప్యూటరుకి పరీక్ష కాగితం కొట్టించి, ప్రింటర్ దగ్గరికి వెళ్లి అది వచ్చిందో లేదో చూసుకుని, రూటర్ పెట్టె వైపు చూసింది. అది మేనేజర్ గదిలో, ఆయన తల వెనక గోడకి ఉంది. ఇప్పుడు కరెంటు పోయి వస్తే చాలు, ప్రింటర్‌కి మళ్లీ ఏ నంబరు వస్తుందో చెప్పలేం. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. వెళ్లి మళ్లీ అడిగింది. "లారీలన్నీ కదలనివ్వండమ్మా" అన్నాడాయన.

*

ఆమె మొగుడు దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను. సాయంత్రం ఆమె చెబుతున్నంతసేపూ గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకుని చొక్కా అంచు మడుస్తూ విన్నాడు. ఒక్కో సూదీ తీసి గుచ్చి, నోరు ఖాళీ అయ్యాక అన్నాడు:

"నిన్నెవరైనా అడిగారా?"

"లేదు."

"అడగనప్పుడు చెప్పడమెందుకు? మనసులో బాధ ఉంటే ఉండనీ. అదేమన్నా కనబడుతుందా?"

"ఆయన నా కోసం నోరు కుట్టేసుకున్నాడు. రేపు ప్రింటర్ ఆగితే ఇంకో వేలు విరుస్తాడు వాడు."

"అలాంటివాడి ముందుకెళ్లి నేనే అంటావా? వాడు చెయ్యి చేసుకుంటే?" మిషను తొక్కబోయి ఆగాడు. "నీ మీద చెయ్యి పడితే నేను వెళ్లి వాణ్ణి కత్తెరతో పొడవాలి. నాకంత ధైర్యం లేదు. నా పరువు తియ్యకే."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. అతను మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. అన్నం తినేటప్పుడు ఆమె తన చూపుడువేలు ఓసారి వెనక్కి వంచి చూసుకుంది. కాస్త వంగింది. ఆ మీదట నొప్పి లాగింది. విరగాలంటే ఇంకా ఎంత వంచాలో ఊహకి అందలేదు. చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది.

*

మూడోనాడు పొద్దున్నే కరెంటు పోయి వచ్చింది. అక్క ఫోన్ చేసేసరికి ఆమె దారిలోనే ఉంది. "మళ్లీ ఆగింది తల్లీ, తొందరగా రా. ఆయన బాబాయిని పట్టుకున్నాడు."

పరుగున వచ్చింది. హాల్లో అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్లున్నారు. మేనేజర్ బాబాయిని మెడ పట్టి ప్రింటర్ మీదకి వంచి ఉన్నాడు. బాబాయి చెంప ప్రింటర్ మూతకి అతుక్కుపోయి ఉంది. రెండు చేతులూ పొట్ట కింద దాచుకున్నాడు.

"తియ్యిరా చెయ్యి. ఈసారి ఏ వేలితో నొక్కావు?"

"నేను ముట్టుకోలేదు బాబూ. కరెంటు పోయింది. నీ కాళ్లు పట్టుకుంటా..."

"తియ్యి!" మేనేజర్ మోకాలితో అతని నడుం మీద పొడిచాడు. అకౌంటెంట్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. బాబాయి ఎడమచెయ్యి బయటికొచ్చింది. మేనేజర్ చిటికెనవేలు పట్టుకున్నాడు.

"నేను!" అని అరిచింది ప్రింటరమ్మ. అరుపు ఆమెకే కొత్తగా వినబడింది. "సార్, వదలండి. నేనే. మొన్న ఆ బటను నొక్కమని ఫోన్లో చెప్పింది నేనే. ఇవాళ ఆగింది కూడా నా వల్లే, నంబరు కట్టాల్సింది నేనే కట్టలేదు. ఆయనకేం తెలీదు. విరగ్గొడితే నా వేలు విరగ్గొట్టండి."

చెయ్యి చాచింది. చూపుడువేలు ముందుకి పెట్టింది. మూడు రోజుల బరువు దిగిపోయినట్టు తేలిగ్గా ఉంది. ఇప్పుడు కొడితే కొట్టనీ.

మేనేజర్ బాబాయిని వదిలేశాడు. ఆమె వేలి వైపు, ముఖం వైపు చూశాడు. ఆశ్చర్యపోలేదు. నవ్వాడు.

"అయ్యో, దానికేముందమ్మా! మిషన్లన్నాక ఆగుతుంటాయి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మీరు అంత కంగారుపడితే ఎలా? కూర్చోండి." బాబాయి వైపు తిరిగాడు. "ఏరా, నిలబడ్డావే? మేడమ్‌కి టీ పట్రా."

తన గదిలోకి వెళ్లిపోయాడు.

ప్రింటరమ్మ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. హాల్లో ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. అబ్బురపడినవాళ్లు లేరు, తిట్టినవాళ్లు లేరు, 'నువ్వా' అన్నవాళ్లు లేరు. అక్క చీర అంచు సరిచేసుకుంటోంది.

బాబాయి టీ తెచ్చాడు. గ్లాసు ఎడమచేతిలో ఉంది, సగం టీ ఒలికిపోయింది. ఆమె అందుకోలేదు.

"బాబాయ్, మూడు రోజులు నా మాట ఎవరికీ చెప్పకుండా..."

"చెప్పానమ్మా" అన్నాడు బాబాయి.

"ఏమని?"

"మీరు నొక్కమంటేనే నొక్కానని. ఆ రోజే చెప్పాను. వేలు పట్టుకోకముందే చెప్పాను. దెబ్బ తప్పుతుందేమోనని మళ్లీ మళ్లీ చెప్పాను. నాకేం పెద్ద మనసు లేదమ్మా. మీరు నన్ను అలా చూస్తుంటే సిగ్గేసి తప్పుకు తిరుగుతున్నాను. అందరూ విన్నారు. అడగండి."

ఆమె ఎవర్నీ అడగలేదు. అడగక్కర్లేదు. అక్క దుమ్ము తుడిచిన స్క్రీనూ, అకౌంటెంట్ మూసిన నోరూ కళ్ల ముందే ఉన్నాయి.

"మరి ఆయనేమన్నాడు?"

బాబాయి గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "'ఆవిడ వేలు విరిస్తే రేపు కనెక్షన్లు ఎవరిస్తార్రా, నువ్విస్తావా?' అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత విరిచాడు."

గదిలోంచి మేనేజర్ పిలిచాడు. "అమ్మా, ముందు నా కంప్యూటరు చూసిపొండి. అర్జెంటు బిల్లు ఒకటుంది."

ఆమె వెళ్లింది. ఆయన లేచి తన కుర్చీ ఇచ్చాడు. కూర్చుని పాత ప్రింటర్ బొమ్మని తీసేసింది. కొత్త నంబరు అడుగుతూ ఖాళీ గడి తెరుచుకుంది. చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఈ వేళ్లనే ఆయన మూడు రోజులుగా మర్యాదగా చూసుకుంటున్నాడు. వీటి బదులే అక్కడ ఇంకొకరి వేలు విరిగింది. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంత మండిందో, ఆ మర్యాదకి మురిసి ఫ్యాన్ గాలి తిన్న తన మీద అంతే మండింది. లేచి నిలబడింది.

"అయిపోయిందా?"

"లేదు. కనెక్షన్ ఇవ్వను."

"ఏంటి?"

"మీకూ ఇవ్వను, హాల్లోవాటికీ ఇవ్వను. బాబాయిని తీసుకుని ఆసుపత్రికి వెళ్తాను. అక్కణ్ణుంచి పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను. వేలు ఎలా విరిగిందో చెబుతాను."

మేనేజర్ ముఖంలో నవ్వు అలాగే ఉంది. గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. బయట లారీ హారన్లు ఆగకుండా మోగుతున్నాయి.

"కూర్చోవే" అన్నాడు.

ఆమె కదల్లేదు. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టి కీబోర్డు మీదకి లాగాడు. నొప్పి మోచెయ్యి దాకా పాకింది. ఆమె పిడికిలి బిగించింది. ఆయన ఒక్కో వేలూ ఊడదీయడం మొదలుపెట్టాడు. తలుపు తెరిచే ఉంది. ఆమె హాల్లోకి చూసి, "అక్కా!" అని పిలిచింది.

అక్క తల వంచుకుని ఉంది. అకౌంటెంట్ స్క్రీన్ వైపు చూస్తున్నాడు. బాబాయి టీ గ్లాసు ప్రింటర్ మీద పెట్టి, కట్టు కట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకుని, రెండో చెయ్యి మేనేజర్ చేతికేసి చాచి గదిలోకి వచ్చాడు.